మా కోడలు నొక్కిన మీట

నా కోడలికి అబద్ధమాడటం చేతకాదు. ఆ ఒక్క విద్య వచ్చి ఉంటే ఆ వారం మా ఇంట్లో అంత రాద్ధాంతం జరిగేది కాదు. నిండు సభలో ఎవరో అమ్మాయి అడిగిన ప్రశ్నకు "అబ్బే, అలాంటిదేం లేదు" అని నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ అలా ఊరుకుంటే ఆ పిల్ల నా కోడలెందుకవుతుంది?

మాది కళ్ళజోళ్ళ దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. మా ఆయన పోయాక దుకాణం నేనే నడుపుతున్నాను. మావాడు యూనివర్సిటీలో భౌతికశాస్త్రం లాబ్‌లో పనిచేస్తాడు. వెలుతురును ఒక్కొక్క రేణువుగా పట్టుకుని లెక్కపెట్టడం వాడి పని. మా కోడలు అదే యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెబుతుంది. మావాడు లెక్కపెట్టినదానికి అర్థమేమిటని ఆలోచించడం తన పని. ఒకడు కూర వండుతాడు, ఒకతె పక్కన నిలబడి అసలిది కూరేనా అని అడుగుతుంది. అలాంటి ఇల్లు మాది.

వాళ్ళిద్దరి తగాదా నాకు అర్థమైనంతలో చెబుతాను. క్వాంటం అని ఒక శాస్త్రం ఉంది. మరీ చిన్న వస్తువుల సంగతి చెబుతుంది. వాటిని చూడనంతసేపూ ఇక్కడున్నాయనీ చెప్పలేం, అక్కడున్నాయనీ చెప్పలేం. చూస్తే మాత్రం ఎప్పుడూ ఒక్కచోటే కనిపిస్తాయి. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు, లెక్కలూ అందరివీ ఒకటే. దానికి అర్థం చెప్పబోయినప్పుడే జుట్లు పట్టుకుంటారు. మావాడి మతంలో చూడనిదాని గురించి నోరు విప్పకూడదు. కొలిచావా, చెప్పు. కొలవలేదా, ఊరుకో. అందుకే వాడికి కొలతలరాయుడని పేరు పెట్టాను. మా కోడలి మతం వేరు. ఆ రేణువు రెండు దారుల్లోనూ పోతుంది, మనం చూసేసరికి లోకమే రెండవుతుంది, ఒక లోకంలో మనం దాన్ని ఇటు చూస్తాం, ఇంకో లోకంలో ఇంకో మనం అటు చూస్తాం, రెండూ నిజమే అంటుంది. అందుకని తను వెయ్యిలోకాలమ్మ. మూడో మతం కూడా ఉందట. అంతా ముందే ఖాయమై ఉంటుంది, మనకు తెలియదంతే అని. మా ఎదురు దుకాణం దర్జీ ఒక్క పుస్తకం చదవకుండానే ఆ మతంలో పుట్టాడు. చొక్కా బిగుతైందేమిటయ్యా అంటే "అలా రాసిపెట్టి ఉందమ్మా" అంటాడు.

ఇద్దరూ భోజనాల దగ్గర మొదలుపెడితే చేతులు ఎండిపోయేదాకా లేచేవారు కాదు. ఒకసారి మావాడు గొడుగు లాబ్‌లో మర్చిపోయి తడిసి ముద్దయి వచ్చాడు. "ఏదో ఒక లోకంలో నువ్వు గొడుగు తెచ్చుకునే ఉంటావులే" అంది తను తువ్వాలు అందిస్తూ. "ఆ లోకంలో వాన పడి ఉండదు, నా మొహానికి" అన్నాడు వీడు. వాళ్ళ పోట్లాట చూస్తుంటే నాకు కడుపు నిండిపోయేది. దాపరికమెందుకు, కొడుకు కన్నా కోడలంటేనే నాకు ముద్దు. కొడుకు ఎలా ఉంటే అలా భరించాలి. కోడలిని నేను చూసి, నచ్చి, తెచ్చుకున్నాను. అంటే మావాడు తెచ్చుకున్నాడు, నేను మెచ్చుకున్నాను.

ఇక పెట్టె సంగతి. పెళ్ళికి ముందు, ఇంకా ఇద్దరూ యూనివర్సిటీ క్యాంటీన్‌లో టీలు తాగుతూ వాదించుకునే రోజుల్లో, మావాడు ఆ పిల్ల పుట్టినరోజుకు ఒక పెట్టె చేసి ఇచ్చాడు. వేరేవాళ్ళు పూలిస్తారు. వీడు సబ్బుపెట్టె అంత నల్ల పెట్టె ఇచ్చాడు. దానికో మీట, మీటకు ఇటూ అటూ రెండు చిన్న దీపాలు. మీట నొక్కితే లోపల ఒకే ఒక్క వెలుతురు రేణువు బయల్దేరుతుంది. ఎదురుగా ఒక అద్దం ఉంటుంది, సగం వెలుతురును పోనిచ్చి సగం పక్కకు తిప్పేసే రకం. ఒక్క రేణువును సగం సగం చెయ్యలేం కాబట్టి అయితే ఎడమ దీపం వెలుగుతుంది, లేదా కుడి దీపం. ఏది వెలుగుతుందో ముందుగా చెప్పగలిగిన మొనగాడు లేడు. మావాడు ఆ పెట్టెను వేలసార్లు నొక్కి పరీక్షించి, సరిగ్గా సగం సగం వస్తుందని తేల్చుకున్నాకే ఇచ్చాడు. క్లాసులో పిల్లలకు చూపించుకోమని ఇచ్చాడు. ఆ పెట్టె తన మీదికే వస్తుందని వాడికేం తెలుసు?

సభ నా కోడలు రాసిన పుస్తకం గురించి. పొడవాటి హాలు, ఇనప కుర్చీలు, వెనక బల్ల మీద టీ కెటిళ్ళు. నేనూ మావాడూ రెండో వరసలో కూర్చున్నాం. ఉన్నవాటిలో మంచి కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళాను. తను లేచి పుస్తకంలోంచి ఒక పేరా చదివింది. మనిషి ఎటూ తేల్చుకోలేనప్పుడు నాణెం వేయకూడదట, ఇలాంటి పెట్టె మీట నొక్కాలట. ఎడమ దీపం వెలిగితే చెయ్యాలి, కుడి దీపం వెలిగితే మానుకోవాలి. అలా చేస్తే రెండు దారులూ రెండు లోకాల్లో నడుస్తాయి, కాబట్టి "అయ్యో, ఆ దారిన పోయి ఉంటే" అనే దిగులుకు చోటుండదు. కానీ ఒక షరతు. దీపం ఎలా చెబితే అలా చేసి తీరాలి. చేయనివాడికి ఆ మీట ఉత్త ఆటవస్తువు. ఆ షరతు తను రెండుసార్లు నొక్కి చదివింది.

వెనక వరసలోంచి ఒక విద్యార్థిని లేచి, "మేడమ్, మీరెప్పుడైనా నిజంగా ఇలా తేల్చుకున్నారా?" అని అడిగింది.

"ఆఁ, తేల్చుకున్నాను" అంది నా కోడలు. "పరిశోధనకు ఏ అంశం తీసుకోవాలని ఒకసారి. పెళ్ళి చేసుకోవాలా వద్దా అని ఒకసారి."

హాలు ఘొల్లుమంది. అందరి తలలూ మావాడి వైపు తిరిగాయి. తనేదో ఇంకా చెప్పబోయింది గానీ నవ్వుల్లో వినపడలేదు. అధ్యక్షుడుగారు లేచి, "మన అదృష్టం కొద్దీ, ముఖ్యంగా వారి భర్తగారి అదృష్టం కొద్దీ, ఎడమ దీపమే వెలిగింది" అని చమత్కరించి టీలకు పిలిచారు. మళ్ళీ చప్పట్లు. మావాడు కూడా చప్పట్లు కొట్టాడు. మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

దారిలో కారులో నా కోడలు "విను, ఆ సంగతి..." అని మొదలుపెట్టబోయింది. "నీ సిద్ధాంతం గురించి ఇప్పుడొద్దు" అన్నాడు వాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. తను ఠక్కున నోరు మూసుకుంది. ఆ పిల్లకు పౌరుషం తక్కువేం కాదు. ఒకసారి వద్దన్నాక రెండోసారి చెప్పదు.

ఆ రోజునుంచి మావాడు దుకాణం వెనక గదిలో, అద్దాల పెట్టెల మధ్య పడక వేశాడు. మర్నాడు నాకు ఇంకో కబురు చెప్పాడు. కొండ మీద వాళ్ళ లాబ్ ఒకటి ఉందట, ఏడాదిపాటు అక్కడుండి పనిచేసే మనిషి కావాలట, వాళ్ళల్లో ఇంకొకాయన వెళ్ళాలని ఉబలాటపడుతున్నా ముందు మావాణ్ణే అడిగారట. నెల కిందట అడిగితే "మా ఆవిణ్ణి వదిలి వెళ్ళను" అన్నవాడు ఇప్పుడు వెళ్తానని ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున్న వ్యాను వస్తుంది. ఏడాది దూరంగా ఉండటం పెద్ద విషయం కాదు. ఈ కోపంతో కొండెక్కినవాడు అదే మనిషిగా దిగడని నాకు భయం. ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్ళు. చదువుకున్నవాళ్ళు కోపాన్ని కూడా క్రమపద్ధతిలో పెంచుకుంటారు.

వాడితో మాట్లాడదామని దుకాణంలో బేరాలు లేనివేళ చూసుకుని పట్టుకున్నాను. బల్ల దగ్గర కూర్చుని ఎవరిదో కళ్ళజోడు కాడకు మర బిగిస్తున్నాడు.

"ఒరేయ్, నువ్వు ఆ లోకాలే లేవంటావు కదా. లేని లోకంలో పెళ్ళి తప్పిపోతే ఇక్కడ నీకెందుకురా ఏడుపు?"

"నాకు లేవమ్మా. తనకి ఉన్నాయి కదా."

"ఉంటే?"

"తన లెక్కలో, ఆ మీట నొక్కితే సగం లోకాల్లో నన్ను వదిలేసినట్టే. అక్కడ నేనేమయ్యానో, ఎలా బతుకుతున్నానో. అది తెలిసే నొక్కింది. తెలిసీ ఫర్వాలేదనుకుంది."

"పోనీ నీ లెక్కలో చూసుకో."

"నా లెక్క ఇంకా ఘోరం. ఒకటే లోకం, ఒకటే రేణువు. అది అటు తిరిగి ఉంటే నాకు పెళ్ళే లేదు. నా కాపురం వెలుతురు చుక్క పెట్టిన భిక్ష. ఎటునుంచి చూసినా, 'నాకు నువ్వే కావాలి' అన్న మాట ఎక్కడా లేదమ్మా."

"అయితే దర్జీ మతంలో చేరు. రాసిపెట్టి ఉంది, అయింది."

వాడు స్క్రూడ్రైవరు ఇంకో తిప్పు తిప్పాడు, మర కాస్తా విరిగింది. "ఆ కళ్ళజోడేం పాపం చేసిందిరా" అని లాక్కున్నాను. వాడన్నదాంట్లో న్యాయముంది. మనల్ని కట్టుకున్న మనిషి మనల్ని కోరి కట్టుకుందనే కదా అందరమూ అనుకుంటాం. ఆ ఒక్క నమ్మకమే లేకపోతే ఎంత బంగారం లాంటి కాపురమైనా వెలితిగానే ఉంటుంది. వాడి గెడ్డం పట్టుకుని చిన్నప్పటిలాగా ముద్దు పెట్టుకోవాలనిపించింది. పెట్టుకుంటే కసురుకుంటాడని ఊరుకున్నాను.

పైకి వెళ్ళాను. నా కోడలు మంచం మీద పరీక్షల కాగితాలు పరుచుకుని దిద్దుతోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఎందుకమ్మా చెప్పావు ఆ మాట, అంతమందిలో?"

"అడిగింది కదా అత్తయ్యా."

"అడిగితే? ఊరుకోవచ్చుగా."

"ఊరుకోవడం మీ అబ్బాయి పద్ధతి. నాది కాదు."

ఇంత బాధలోనూ వాదన మానదు. నాకు కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పక్కన కూర్చుని, "అసలెందుకు నొక్కావే తల్లీ?" అన్నాను.

కలం మూత తీసింది, పెట్టింది. "మీకు చెప్పను. కోపం తెచ్చుకోకండి. ఇది అడగాల్సిన మనిషి అడగాలి."

"వాడు అడగడు, నువ్వు చెప్పవు. మధ్యలో నేను చావాలి."

"నా అంతట నేను చెప్తే, తనను ఆపడానికి కల్పించానంటాడు. నమ్మడు. అడిగితే చెప్తాను. ఉన్నదున్నట్టు చెప్తాను. పరువు పోయినా సరే."

పరువు పోయేదేమిటో నాకు అర్థం కాలేదు. పోవాల్సిన పరువు ఏదన్నా ఉంటే అది మావాడిది, అది సభలోనే పోయింది. "తిన్నావా?" అన్నాను. ఆకలి లేదంది. "ఏ లోకంలోనైనా కోడలు పస్తుంటే చెడ్డపేరు అత్తకే. లే" అని చెయ్యి పట్టుకుని లేవదీశాను. రెండు ముద్దలు తిని, మూడో ముద్ద దగ్గర నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎందుకేడుస్తున్నామో నాకు సగమే తెలుసు. అయినా ఏడుపుకు అది చాలు.

ఆదివారం రానే వచ్చింది. పొద్దున్నే వ్యాను వచ్చి దుకాణం ముందాగింది. మావాడు ఇనపపెట్టె, పరుపుచుట్ట ఎక్కించి, వెనక గదిలో మిగిలిన పుస్తకాలు సర్దుతున్నాడు. నా కోడలు డాబా మీద బట్టలు ఆరేస్తోంది. ఆరేసినవే తీసి మళ్ళీ ఆరేస్తోంది. కిందికి రాదు, వీడు పైకి పోడు. నేను మధ్యలో వాళ్ళ గదిలో నిలబడ్డాను. చివరిసారి వీళ్ళ మధ్యలోకి దూరనా, నోరు మూసుకోనా? నాకు పాలుపోలేదు. దూరితే మొగుడూపెళ్ళాల సంగతిలో నీకేం పనంటారు. దూరకపోతే కొడుకు కొండెక్కుతాడు.

అప్పుడు కనపడింది ఆ పెట్టె, తన బల్ల మీద, పుస్తకాల పక్కన. ఇంత పెద్ద చదువులు చదివినవాళ్ళే దీన్ని అడిగితే నేనడగకూడదా అనిపించింది. ఎడమది వెలిగితే వెళ్ళి మాట్లాడతాను, కుడిది వెలిగితే నోరు కుట్టుకుంటాను అనుకున్నాను. కళ్ళజోడు సరిచేసుకుని మీట నొక్కాను.

కుడి దీపం వెలిగింది.

నా ఒళ్ళు మండిపోయింది. సబ్బుపెట్టె అంత ఉండి, నాకు నోరు మూసుకోమని చెప్పడానికి ఇదెవరు? నేను కన్న కొడుకు, నేను మెచ్చిన కోడలు. వాళ్ళ కాపురం కూలుతుంటే ఒక బొట్టు వెలుతురు వద్దన్నదని నేనాగాలా? "పో, నీ మొహం" అని పెట్టెను బోర్లించి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాను.

మెట్ల మధ్యలో నా కాలు ఆగిపోయింది. దీపం వద్దన్నా నేను వెళ్తున్నాను. మరి ఆ పిల్ల మాత్రం దీపం చెప్పినట్టే చేసిందని ఎవరు చెప్పారు? అధ్యక్షుడుగారు చెప్పారు. ఆయనకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పెళ్ళయింది కాబట్టి ఎడమదే అయి ఉంటుందని హాలంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. అందరికన్నా ముందు మావాడు అనుకున్నాడు.

మిగిలిన మెట్లు ఎలా దిగానో తెలియదు.

"ఒరేయ్, ఆ రోజు ఏ దీపం వెలిగింది?"

వాడు పుస్తకాలకు తాడు కడుతున్నాడు. తలెత్తకుండానే, "ఎడమది" అన్నాడు.

"నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదమ్మా. పెళ్ళయింది కదా."

"చూశావా లేదా?"

"లేదు."

"అడిగావా?"

తాడు మీద వాడి చేతులు ఆగాయి.

"చూడనిదాని గురించి నోరు విప్పకూడదని ఆ పిల్లకు రోజూ పాఠాలు చెప్తావే. నువ్వు చూడలేదు, అడగలేదు. ఊహించుకున్నదాని మీద అలిగి కొండెక్కుతున్నావు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడక్కుండానే పెట్టి నిన్ను చెడగొట్టాను. పైకి పోయి అడుగు. అడిగాక ఏ కొండెక్కుతావో ఎక్కు."

వాడు నా వంక పరాయిమనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత తాడు వదిలేసి, రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళి డాబా గుమ్మం దగ్గర ఆగాను. ఆగింది కాళ్ళే, చెవులు కాదు.

తను తడి దుప్పటి తీగ మీద వేస్తోంది. వాడు దుప్పటికి ఇవతల నిలబడ్డాడు. మొహం మొహం కనపడకుండా అడగడం తేలికనుకున్నాడేమో.

"ఆ రోజు ఏ దీపం వెలిగింది?"

దుప్పటి అవతల కదలిక ఆగింది.

"కుడిది" అంది తను.

"కుడిదంటే..."

"మానుకోమని."

కింద వ్యాను హారన్ మోగింది. ఎవరూ పట్టించుకోలేదు.

"మరి?"

"మానుకోలేకపోయాను. నొక్కేటప్పుడు చాలా భయంగా ఉంది. ఒక మనిషితో జీవితమంతా. చేసుకున్నా పొరపాటేమో, మానుకున్నా పొరపాటేమో. రెండూ జరిగిపోతే ఏ బాధా ఉండదు, ఒక లోకంలో నేను కాకపోతే ఇంకో లోకంలో నేను నీ పక్కనుంటా కదా అనుకున్నా. అదే కదా నేను రోజూ చెప్పేది. కుడి దీపం వెలిగింది. సరే, నువ్వు ఆ లోకంలో ఉన్న నాకు దక్కావనుకున్నా. అలా అనుకోగానే కడుపు రగిలిపోయింది. ఆవిడ నీతో కలిసి నడుస్తుంది, నీతో పోట్లాడుతుంది, నీకు జ్వరమొస్తే పక్కన కూర్చుంటుంది. నేను మాత్రం పెట్టె నీకు తిరిగిచ్చేసి ఇంటికి పోవాలి. ఎందుకివ్వాలి నిన్ను ఆవిడకి? ఆవిడ కూడా నేనే. అయినా ఇవ్వలేకపోయా. నాకు నేనే సవతినయ్యాను."

వాడు దుప్పటి అంచు పట్టుకున్నాడు.

"మర్నాడే నీ దగ్గరికొచ్చి చేసుకుందామన్నా. పుస్తకంలో మాత్రం, దీపం చెప్పినట్టు చేసి తీరాలని రాశా. సభలో అది కూడా చెప్పేద్దామనే నోరు తెరిచా. అందరూ నవ్వేసరికి ధైర్యం చాల్లేదు. రాసినదాన్ని నేనే పాటించలేదని ఎలా చెప్పను? కారులో నీకొక్కడికీ చెప్దామనుకుంటే నువ్వు వద్దన్నావు."

వాడు దుప్పటి పక్కకు జరిపాడు. ఇద్దరి మొహాలూ ఒకేలా ఉన్నాయి, తడిసి, ఎర్రబడి. వాడు లెక్క కట్టేటప్పుడు కనుబొమలు ముడుస్తాడు. అలా ముడిచి, "అయితే ఎడమ దీపం వెలిగిన లోకంలో?" అన్నాడు. వాడి నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

"అక్కడ దానికేం కష్టం? దీపం చేసుకోమంది, చేసుకుంది. అక్కడ దీపం మాట విన్నాను, ఇక్కడ వినలేదు."

"అంటే రెండు లోకాల్లోనూ..."

"రెండింట్లోనూ."

"సగం సగమని నేనే కొలిచానే ఆ పెట్టెని. వేలసార్లు నొక్కి చూశానే."

"పెట్టె సగం సగమే" అంది నా కోడలు. "నేను కాదు."

మావాడు తండ్రి పోయినప్పుడు కూడా నా ఎదుట ఏడవలేదు. ఇప్పుడు ఆ తడి దుప్పటిలో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తను ఆ దుప్పటితో సహా వాణ్ణి కావలించుకుంది. ఇక అక్కడ నిలబడటం మర్యాద కాదని నాకే అనిపించింది, అందుకని మెట్లు దిగాను. ఏడుపొస్తోంది, నవ్వొస్తోంది. ఇంత ప్రేమను కడుపులో పెట్టుకుని ఇద్దరూ వారం రోజులు ఎలా ఊరుకున్నారో, వాళ్ళ శాస్త్రంలో ఏ మతంవాళ్ళైనా నాకు చెప్పగలిగితే చెప్పమనండి.

డ్రైవరు విసుగ్గా మళ్ళీ హారన్ కొట్టబోతున్నాడు.

"మావాడు రావట్లేదు నాయనా" అన్నాను. "ఆ కొండ మీదికి పోవాలని వాళ్ళ లాబ్‌లో ఇంకొకాయన ఉవ్విళ్ళూరుతున్నాడు, వెళ్ళి ఆయన్ని ఎక్కించుకో."

"ఆయన పంపించారామ్మా మిమ్మల్ని? వస్తున్నానని పొద్దున్నే చెప్పారే."

ఎవరూ పంపలేదు. వాణ్ణి నేను అడగనూ లేదు. డాబా మీంచి ఒక్క మాటా వినపడటం లేదు.

"ఉండు, అడిగొస్తా" అని నాలుగు మెట్లెక్కి, అక్కణ్ణుంచే గట్టిగా కేకేశాను. "ఒరేయ్, వెళ్తున్నావా, ఉంటున్నావా?"

"ఉంటున్నాం" అని రెండు గొంతులూ ఒక్కసారే వినిపించాయి.

డ్రైవరు గొణుక్కుంటూ వ్యాను వెనక తలుపు తీశాడు. ఇనపపెట్టె నిండా పుస్తకాలు, చచ్చేంత బరువు. ఒక చివర అతను పట్టుకున్నాడు, ఇంకో చివర నేను పట్టుకుని దించాను.